ముద్దాయిగారి బ్యాటరీ గ్రిప్పు

తప్పు చేసి ఒప్పుకునేవాళ్లు వెతికితే ఎక్కడో ఒకరు దొరుకుతారు. చేయని తప్పుల్ని కూడా తీరిగ్గా, సంతోషంగా, అడగకుండానే ఒప్పుకునే మనిషి మాత్రం ఒక్కడే ఉన్నాడు. ఆయన బస్టాండు ఎదుట ఫోటో స్టూడియో నడుపుతున్నాడు.

ఆయనకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. వీధిలో అందరూ పిలిచేది మాత్రం ముద్దాయిగారనే. ఆయన పలుకుతాడు కూడా. కరెంటు పోయిందంటే చాలు, పక్క జిరాక్సు షాపాయన గుమ్మంలోకి వచ్చి కేకేస్తాడు.

"ఏం ముద్దాయిగారూ, మీ పనేనా?"

"తప్పు నాదేనండీ. ఇప్పుడే పెద్ద లైటు వేశాను."

అప్పటికి ఊరు సగం చీకట్లో ఉంటుంది. ఆ లైటుకి అంత శక్తే ఉంటే స్టూడియో ఎప్పుడో బాగుపడేదని జిరాక్సాయన అభిప్రాయం.

బస్సు ఆలస్యంగా వస్తే తానే ముందొచ్చానంటాడు. ఎవరైనా కాలు తొక్కితే, "పాదం అక్కడ పెట్టింది నేనే కదండీ" అని తొక్కినవాణ్ని ఓదార్చి పంపిస్తాడు. ఒకసారి బ్యాంకు క్యాషియరు పాస్‌పోర్టు ఫోటో తీయించుకుని, అందులో తన ముక్కు మరీ పెద్దగా ఉందని నొచ్చుకున్నాడు. ముద్దాయిగారు ఆ ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ ముక్కు నా తప్పేనండీ" అన్నాడు. ఆ ముక్కు క్యాషియరుకి పుట్టుకతో వచ్చింది. వాళ్ల నాన్నకీ అదే ఉండేది.

ఈ జబ్బు వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయినవాడు ఆయన బావమరిది. స్టూడియోలో సగం వాటా అతనిది. బేరాలాడడం, లైట్లు పట్టడం, గొడవపడడం అతని శాఖలు. ఫోటో తీయడం మాత్రం కాదు. అతను తీసిన ఫోటోల్లో మనుషులు మెడ దాకా అద్భుతంగా వస్తారు. స్వభావంలో బావకి పూర్తిగా ఎదురు. ఊహ తెలిశాక తప్పు తనదని ఒక్కసారీ అన్నవాడు కాదు. అవసరం రాలేదంటాడు.

మనిషి భారీ విగ్రహం. బావ పక్కన నిలబడితే బీరువా పక్కన గొడుగు ఆనించినట్టు ఉంటుంది. ఆమధ్య ఒక పెళ్లి విందులో అతను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి చాచి శాశ్వతంగా విశ్రాంతి తీసుకుంది. కుర్చీ చేసినవాడిది తప్పని అతను అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. "ఆ కుర్చీ వేసింది నేనే" అని బావ పరుగున వచ్చాడు. కానీ అక్క నవ్వేసింది. ముద్దాయిగారి భార్యంటే నవ్వు ఆపుకోలేని మనిషి. ఆ కథ చుట్టాలందరి ఇళ్లకీ తిరిగొచ్చింది. బావమరిది ఉండేది పక్క వీధిలో ఒంటరిగా, భోజనం మాత్రం స్టూడియో మేడ మీద అక్క దగ్గర. ఆ రోజు నుంచి భోజనానికి రావడం మానేశాడు. ఏ ఇంటికెళ్లినా కూర్చోవడమూ మానేశాడు. నిలబడితే నడుముకి మంచిదని డాక్టర్లు అంటున్నారట.

ఇలా ఉండగా ముద్దాయిగారి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పక్కటెముకలు దాటి పైకి లేవదు. డాక్టరు భుజాన్ని నొక్కి చూసి, "వయసు మీద పడితే కొందరికి ఇలా అవుతుంది" అన్నాడు.

"తప్పు నాదేనండీ. చూస్తూ చూస్తూ వయసు పెంచుకున్నాను."

ఇక్కడ పాఠకులు కెమెరా గురించి ఒక్క ముక్క తెలుసుకోవాలి. మనిషిని నిలువుగా ఫోటో తీయాలంటే కెమెరాని పక్కకి తిప్పాలి, కుడి మోచెయ్యి గాల్లోకి లేవాలి. స్టూడియో తినే తిండంతా నిలువు ఫోటోలదే. అందుకని అక్క తన చీటీ డబ్బుతో ఒక బ్యాటరీ గ్రిప్పు కొనిపెట్టింది. కెమెరా అడుగున బిగించే పిడి అది. దాని కడుపులో రెండు బ్యాటరీలు పడతాయి, పక్కన ఫోటో తీసే బటన్ ఇంకోటి ఉంటుంది. ఇక మోచెయ్యి ఒంటికి ఆనించుకునే ఎంత నిలువు మనిషినైనా తీయొచ్చు. ముద్దాయిగారు మళ్లీ ఫోటోగ్రాఫరయ్యాడు.

ఆ ఆనందం ఒక పెళ్లి ముగిసేదాకా ఉంది. సామానంతా అద్దె వ్యానులోకి ఎక్కించి తిరిగొస్తూ, వెనక సీట్లో బావమరిది దారి పొడుగునా సణిగాడు.

"ఇదేం సీటు బావా. స్పాంజీ పోయినట్టుంది. రాయి మీద కూచున్నట్టుంది."

"తప్పు నాదే" అన్నాడు ముందు సీట్లోంచి బావ, అలవాటు కొద్దీ.

"సీటుకి కూడానా? వ్యాను నువ్వు తయారుచేశావా?"

ఆ మర్నాటి నుంచి గ్రిప్పు మొరాయించింది. అడ్డంగా పట్టుకుంటే లక్షణంగా పనిచేస్తుంది. నిలువుగా తిప్పగానే కెమెరా తెర నల్లబడిపోతుంది. మళ్లీ అడ్డంగా తిప్పితే ఏమీ ఎరగనట్టు వెలుగుతుంది.

బావమరిది రంగంలోకి దిగాడు. లోపలి రాగి రేకుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు. బిగించే చక్రాన్ని పళ్లు కొరుకుతూ బిగించాడు. బ్యాటరీలు మార్చాడు. గ్రిప్పు విప్పేసి బ్యాటరీని నేరుగా కెమెరాలో వేస్తే ఎటు తిప్పినా పనిచేసింది. కాబట్టి దోషి గ్రిప్పేనని తేల్చి, కంపెనీ వాళ్లకి ఫోన్ చేశాడు.

"కెమెరా ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశారా సార్?" అంది ఫోన్లో గొంతు.

"చేశాను."

"గ్రిప్పు మీద లాక్ మీట తీసే ఉందా సార్?"

"ఉంది. వస్తువులోనే లోపం ఉంది."

వెనక నుంచి ముద్దాయిగారు ఫోన్ వైపు వంగాడు. "అమ్మా, తప్పు మీ కంపెనీది కాదు, అసలేం జరిగిందంటే..."

బావమరిది ఫోన్ కట్ చేశాడు.

"బావా, గ్యారంటీ అంటే ఏమిటో తెలుసా? తప్పు వాళ్లదైతే ఉచితంగా బాగుచేస్తారు. మనదైతే మన జేబులోంచి పోతుంది. నువ్వు నోరు తెరిస్తే పిల్లి మ్యావన్నట్టు ఒకే మాట వస్తుంది. అందుకని తెరవకు."

"సరే. తప్పు..."

"అదే, అదే ఆపమంటున్నా."

ఈలోగా ముద్దాయిగారు తనకి తోచిన వైద్యం చేశాడు. బ్యాటరీ మూత మీద వేలితో నొక్కి పట్టుకుంటే గ్రిప్పు పనిచేస్తోందని కనిపెట్టి, వేలికి బదులు రబ్బరు బ్యాండు చుట్టాడు. మొదటి గిరాకీ బ్యాంకు క్యాషియరే. మళ్లీ ఇంకోసారి ప్రయత్నిద్దామని వచ్చాడు పాపం. బటన్ నొక్కగానే రబ్బరు బ్యాండు తెగి ఎగిరింది. ఇంత గదిలో అది ఎక్కడికైనా పోవచ్చు. నేరుగా ముక్కు మీదికే పోయింది.

"తప్పు నాదేనండీ" అన్నాడు ముద్దాయిగారు. పదేళ్లలో మొదటిసారి అది నిజమే కావడంతో ఆయన ముఖంలో ఒక వెలుగు కనిపించింది.

నవ్వుకోవడానికి వ్యవధి లేదు. నర్సింగ్ కాలేజీలో చదువు పూర్తిచేసిన పిల్లల ఫోటోలు తీసే రోజు దగ్గర పడింది. ఒక్కొక్కరినీ నిలువెత్తున తీసి, ఫ్రేములు కట్టి, హాలు గోడకి తగిలించాలి. ఏటా ఆ పని ఈ స్టూడియోదే. ఈ ఏడు కుదరదంటే ఎదురు వరసలో కొత్తగా తెరిచిన రంగుల అద్దాల స్టూడియో ఎత్తుకుపోతుంది. ఇక వచ్చే ఏడు పిలుపు రాదు. బావమరిది తీస్తానంటే ప్రిన్సిపాలమ్మ పాత నమూనా ఒకటి బయటికి తీసి చూపించింది. అందులో యూనిఫారాలు ముచ్చటగా ఉన్నాయి. తలకాయలే లేవు.

అందుకని ఇద్దరూ కంపెనీ సర్వీసు సెంటరుకి వెళ్లారు. ముద్దాయిగారిని గోడవార బల్ల మీద కూర్చోబెట్టి, కదలొద్దని ఆజ్ఞాపించి, బావమరిది కౌంటరు దగ్గరికి నడిచాడు. కౌంటరులో కళ్లద్దాల అమ్మాయి రబ్బరు చాప మీద కెమెరాకి బిగించిన గ్రిప్పుని పెట్టించుకుంది.

"కింద పడిందా అండీ?"

"లేదు."

"తడిసిందా?"

"లేదు."

"మీద బరువేమైనా పడిందా?"

"బరువా? పువ్వులా చూసుకుంటాం."

గోడ దగ్గర ముద్దాయిగారికి పొలమారింది. లేచి రెండడుగులు ముందుకి వేసి, "అమ్మా, అసలు ఆ రోజు నేనే..." అన్నాడు. బావమరిది వెనక్కి వచ్చి పాదం మీద పాదం వేశాడు.

"పర్వాలేదులే, కాలు అక్కడ పెట్టింది నేనే" అని ముద్దాయిగారు తిరిగి కూర్చున్నాడు.

"నిలువుగా తిప్పితే ఆగిపోతోంది. చూడండి" అని బావమరిది గ్రిప్పుని అరచేతిలోకి తీసుకుని, గట్టిగా పట్టుకుని, నిలువుగా తిప్పాడు. కెమెరా కిచకిచమంటూ ఫోటోలు తీసింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ తీసింది. తలకిందులు చేశాడు. అప్పుడూ తీసింది. ఇంటి దగ్గర చచ్చి పడి ఉన్న వస్తువు ఇక్కడ డాన్సు చేస్తోంది.

"బానే ఉందండీ" అంది అమ్మాయి. బల్ల మీద అడ్డంగా పెట్టి తనూ ఒకసారి చూసి, 'లోపం లేదు' అన్న కాగితం అంటించి, కింద సంతకం పెట్టి ఇచ్చేసింది.

ఇంటికి రాగానే ముద్దాయిగారు చేతిలోకి తీసుకుని నిలువుగా తిప్పాడు. తెర నల్లబడింది. మర్నాడు మళ్లీ వెళ్లారు. బావమరిది మళ్లీ గట్టిగా పట్టుకుని చూపించాడు, గ్రిప్పు మళ్లీ పరువు తీసింది, అమ్మాయి మళ్లీ సంతకం పెట్టింది. ఇది వస్తువు కాదు, ఎవరో పంపిన గూఢచారి అని బావమరిదికి అనుమానం వచ్చింది.

మూడోసారి వెళ్లి అతను కేకలేస్తుంటే, కౌంటరమ్మాయి అతని భుజం మీదుగా గోడ వైపు చూసింది.

"ఆయన ఎవరండీ?"

"మా బావ. ఫోటోలు తీసేది ఆయనే. ఆయన్ని కదిలించకండి."

"మరి వాడేది ఆయనైతే మీరు చూపిస్తారేంటండీ? బాబాయిగారూ, ఒకసారి మీరు పట్టుకోండి."

ముద్దాయిగారు వచ్చి, మోచెయ్యి ఒంటికి ఆనించుకుని, పిల్లని ఎత్తుకున్నంత సుతారంగా గ్రిప్పుని పట్టుకుని నిలువుగా తిప్పాడు. తెర నల్లబడింది. బావమరిది అదే చేశాడు, వెలిగింది. అమ్మాయి అతని చేతి వైపు చూసింది. ఆ అరచెయ్యి గ్రిప్పుని మొత్తం మింగేసింది. బొటనవేలు బ్యాటరీ మూత మీద శిలాశాసనంలా ఒత్తుకుని ఉంది. ఇన్నాళ్లూ లోపాన్ని చూపిస్తున్నానని అతను తన చేత్తోనే దాన్ని బాగుచేస్తూ వచ్చాడు.

అమ్మాయి భూతద్దం పెట్టుకుని మూత చుట్టూ చూసింది. వెంట్రుకంత బీట కనిపించింది. మూత ఒక పక్కకి వంగి ఉంది.

"దీని మీద ఎవరో కూచున్నారండీ."

బావమరిది బుర్ర గొడవల్లో మహా చురుకు. రెండు కాగితాలూ తీసి కౌంటరు మీద పరిచాడు.

"ఇది మీ సంతకమేనా? లోపం లేదని మీరే రాసిచ్చారు. రెండుసార్లు. మేం తెచ్చినప్పుడు బానే ఉంటే మరెక్కడ పగిలినట్టు? మీ దగ్గరే. మీ మేనేజర్ని పిలవండి. కొత్తది ఇప్పించండి."

అమ్మాయి ముఖం పాలిపోయింది. కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుంది. లోపలి గది వైపు ఒకసారి చూసి, మెల్లిగా, "నేను చేరి ఆరు నెలలు కూడా కాలేదండీ" అంది.

"తప్పు నాదే" అన్నాడు ముద్దాయిగారు.

"బావా, నువ్వు ఊరుకో."

"కాదమ్మా, దాని మీద కూచున్నది నేనే."

అమ్మాయి ఆయన్ని పై నుంచి కింది దాకా చూసింది. చూడ్డానికి ఎంతోసేపు పట్టలేదు.

"మీరు కూచుంటే దిండు కూడా నొక్కుకోదు బాబాయిగారూ."

"గట్టిగా కూచున్నానమ్మా. కోపం మీద ఉన్నాను."

"మీకు కోపమా?"

"కూచుని రెండుసార్లు ఎగిరాను కూడా."

అమ్మాయి ఆయన్ని వదిలి, చూపు కాస్త పక్కకి జరిపింది. అక్కడ బావమరిది ఉన్నాడు. చూపు ఎటు జరిపినా అతనే ఉంటాడు.

బావమరిది ముందు చిరాకుపడ్డాడు. తర్వాత అతనికి వ్యాను గుర్తొచ్చింది. వెనక సీటు గుర్తొచ్చింది. స్పాంజీ పోయిందని దారి పొడుగునా సణిగిన సణుగుడు గుర్తొచ్చింది. ముందు సీట్లోంచి వినిపించిన 'తప్పు నాదే' కూడా గుర్తొచ్చింది. అతని పెద్ద ముఖం ఒక మూల నుంచి మొదలై మెల్లిగా అంతా ఎర్రబడింది. బావ చెయ్యి పట్టుకుని బయటి మెట్ల మీదికి తీసుకెళ్లాడు. భుజం నొప్పి గుర్తొచ్చి ఎడం చెయ్యే పట్టుకున్నాడు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"గ్రిప్పు పెట్టిన సంచీ నీ సీట్లోంచి దింపుకున్నప్పుడే. పరాటాలా... అదే, పల్చగా అయిపోయింది."

"మరి చెప్పవేం?"

ముద్దాయిగారు ఇబ్బందిగా మెట్టుని చెప్పుతో గీకాడు. "చెబితే మీ అక్కకి తెలుస్తుంది. తెలిస్తే నవ్వుతుంది. పాపం దానికి ఆగదు. కుర్చీ సంగతికే నువ్వు భోజనానికి రావడం మానేశావు. మళ్లీ ఇది కూడా అంటే ఊరే వదిలి పోతావేమోనని."

"పోతే నీకేం నష్టం?"

"ముగ్గురికి వండే అలవాటు మీ అక్క మానుకోలేదురా. నీ వాటా కూడా నేనే తింటున్నాను. ఈ ఒంటికి అది ఎక్కడ పట్టేది చెప్పు?"

బావమరిది వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. ముందు నుంచీ ఒక్కొక్కటే కొత్తగా లెక్కకొచ్చాయి. కుర్చీ వేసింది నేనేనన్నాడు బావ. కాలు అక్కడ పెట్టింది నేనేనన్నాడు. ఇదంతా జబ్బని తను అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఎవరో ఒకరు చిన్నబోయేచోట తను వెళ్లి అడ్డంగా నిలబడడమే మా బావ చేసే పనంతా అని అతనికి ఇప్పుడు తట్టింది. అంత సన్నటి మనిషి అడ్డం నిలబడితే ఎవరికీ కనబడలేదు, అంతే.

లోపలికి వెళ్లి కౌంటరు మీది రెండు కాగితాలూ తీసి జేబులో కుక్కుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. అతను అనబోయే మాట కడుపులోంచి బయల్దేరి, ఎన్నడూ నడిచిన దారి కాకపోవడంతో గొంతు దగ్గర ఆగి, దిక్కులు చూసి, చివరికి బయటికొచ్చింది.

"తప్పు నాది. కూచున్నది నేను."

"సంచీ అక్కడ పెట్టింది నేను" అన్నాడు వెనక నుంచి బావ, కాస్త కంగారుగా. తన ఆస్తిని ఎవరో ఎత్తుకుపోతున్నట్టు ఉంది ఆయన వాలకం.

"చూసుకోకుండా కూచున్నది నేను."

"కూచుంటున్నప్పుడు చెప్పనిది నేను."

"బావా, ఈ ఒక్కటీ నాకు వదిలెయ్యి."

అమ్మాయి మధ్యలో చెయ్యి పెట్టి ఆపింది. "ఒక్కరు చాలండీ. అసలు రెండుసార్లూ బల్ల మీద అడ్డంగా మాత్రమే పెట్టి చూసి సంతకం పెట్టింది నేను. తప్పు నాది కూడా." అనేసి, ఈ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందా అన్నట్టు చూసి నవ్వేసింది.

గ్యారంటీ వర్తించలేదు. మూత మార్చే ఖర్చు స్టూడియోదే అయింది. కొత్త మూత కంపెనీ నుంచి రావడానికి రోజులు పడతాయంది అమ్మాయి. అయితే అద్దాల బీరువాలో నమూనాకి పెట్టిన గ్రిప్పుని మేనేజర్ని అడిగి తీసి, పని అయ్యాక తెచ్చివ్వమని ముద్దాయిగారి చేతికిచ్చింది. బావమరిది దాన్ని ఇంటిదాకా ఒళ్లో పెట్టుకుని, బస్సులో నిలబడి వచ్చాడు. ఒళ్లో పెట్టుకుని నిలబడడం ఎలాగో అడగొద్దు. అతనికి కుదిరింది.

నర్సింగ్ కాలేజీ పిల్లలందరూ నిలువుగా, తలకాయలతో సహా వచ్చారు. ప్రిన్సిపాలమ్మ ఒక్కొక్క ఫోటోనీ లెక్కపెట్టినట్టు పైభాగం చూసుకుని తృప్తిపడింది.

ఆ సాయంత్రం బావమరిది చాలా రోజులకి మేడ మెట్లెక్కాడు. గుమ్మంలోనే నిలబడి, ఎవరూ అడగకముందే, "అక్కా, నువ్వు కొన్న గ్రిప్పు మీద కూచుని పగలగొట్టింది నేను. నవ్వుకో" అన్నాడు.

అక్క పెదవులు వణికాయి. బుగ్గలు ఉబ్బాయి. ముద్దాయిగారు ఆ నవ్వు తనదేనని ఒప్పుకోవడానికి సిద్ధంగా లేచి నిలబడ్డాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్లి, అక్కడ ఒక్క నిమిషం దగ్గి, తిరిగొచ్చేటప్పుడు ఒక కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చింది. ఇనప కుర్చీ. వెడల్పాటిది. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు.

"కుర్చీ విరిగిన వారమే చేయించానురా. నువ్వొస్తేగా. కూచో. ముందు కింద ఏమీ లేదని చూసుకుని కూచో."

అతను వంగి చూసుకున్నాడు. చేత్తో తడిమి చూసుకున్నాడు. తర్వాత మెల్లిగా, పూర్తిగా కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమనలేదు. సరిగ్గా ఆ క్షణానే కరెంటు పోయింది.

వీధంతా చీకటి. కింద జిరాక్సు షాపు గుమ్మంలోంచి కేక వినిపించింది.

"ఏం ముద్దాయిగారూ, మీ పనేనా?"

ముద్దాయిగారు నోరు తెరిచేలోపలే మేడ మీది చీకట్లోంచి ఒక భారీ గొంతు జవాబిచ్చింది.

"కాదండీ, ఈసారి తప్పు నాదే. ఇప్పుడే కూచున్నాను."